మంచు కింద ఎవరి ఇల్లు?

చిరంజీవికి,

అంటార్కిటికా మంచు కింద ఉన్న పాత నగరంలోకి ఐదుగురు అన్వేషకులు దిగే నీ కథ మొన్న శనివారం అందింది. ఒకసారి ఆగకుండా చదివాను. ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ‘అచ్చుకి పనికొస్తుందా మేడమ్?’ అని అడిగావు. ఆ జవాబు చివర్లో చెప్తాను. మేడమ్ అనొద్దు, పెద్దమ్మా అను చాలు. ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువుకో.

ముందు నాకు బాగా నచ్చిన చోటు. మంచు కింద ఆ రాతి గోడ దగ్గరికి చేరాక, ఐదుగురిలో చిన్నవాడు, వద్దంటున్నా వినకుండా గ్లవ్ తీసి గోడ మీద అరచెయ్యి ఆనిస్తాడు. ‘రాయి చల్లగా అనిపించలేదు, చేతిని లాక్కుంటున్నట్టు అనిపించింది’ అని రాశావు. అక్కడ నేను పుస్తకం మూసినట్టు కాగితాలు పక్కన పెట్టేసి కాసేపు కూర్చున్నాను. నువ్వు అంటార్కిటికా చూడలేదు, నేనూ చూడలేదు. అయినా ఆ ఒక్క వాక్యంలో నీ చెయ్యి అక్కడుంది. మిగతా పద్నాలుగు పేజీల్లో నీ చెయ్యి ఎక్కడుందో నాకు కనపడలేదు. ‘భయంకరమైన’ అనే మాట పదకొండు సార్లు వచ్చింది. ‘అంతులేని చీకటి’ ఆరు సార్లు. పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను, చూస్తావుగా.

చీకటి గురించి నాకు బుద్ధి వచ్చిన సంగతి నీకు చెప్పాలి. నేను కొత్తగూడెంలో, కంపెనీ క్వార్టర్స్‌లో పెరిగాను. మా మేనమామ బాయి పని చేసేవాడు. బొగ్గు గనిని మా వైపు బాయి అనే అంటారు. డ్యూటీకి వెళ్ళడమంటే బాయి దిగడమే. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు బాయి మీద ఒక కథ రాశాను, ఒక పత్రికలో అచ్చయింది. ఆ సంచిక పట్టుకుని పరుగెత్తుకెళ్ళి మామకి చదివి వినిపించాను. అందులో చీకటి మీదే ఒక పేజీ ఉంటుంది. చీకటి సముద్రమట, చీకటి కొండచిలువట, ఇంకా ఏవేవో. ఆయన చివరిదాకా విన్నాడు. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. ‘అది సరేగానీ, పిల్లగాడు కాలు యాడ పెట్టిండు?’ అని అడిగాడు.

నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఆ రాత్రి కరెంటు పోయినప్పుడు ఆయన టార్చిలైటు తెచ్చి, తువ్వాలుతో నా నుదుటికి కట్టి, పెరట్లో నడవమన్నాడు. పదడుగులు వేసేసరికి తెలిసింది. వెలుగు నా చూపుతో పాటే తిరుగుతోంది. చూసిన చోట లోకం ఉంది, చూడని చోట లేదు. కాలు చూసుకుంటే తలకి ఏం తగులుతుందో తెలియదు, పైకి చూస్తే కాలు ఎక్కడ పడుతుందో తెలియదు. మామ కూడా ఇంకో టార్చి కట్టుకుని ఎదురుగా వచ్చి నావైపు చూశాడు. ఆయన మొహం మాయమైపోయింది, ఒక తెల్లటి మంట మిగిలింది. ‘అందుకే బాయిల మాట్లాడేటప్పుడు తల పక్కకు తిప్పుతం. ఎదుటోని కండ్లల్ల దీపం కొట్టొద్దు’ అన్నాడు.

నీ కథలో ఐదుగురికీ తలకి దీపాలున్నాయి. ఐదుగురూ ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ, పెదవులు వణకడమూ కళ్ళు చెమర్చడమూ గమనిస్తున్నారు. ఎలా కుదురుతుంది తల్లీ? అక్కడ మొహాలు కనపడవు. గొంతులు, ఊపిరి ఆవిరి, చేతులు, ఎదుటివాడి వీపు, ఇవే కనపడతాయి. నాయకుడు భయపడ్డాడని నువ్వు చెప్పక్కర్లేదు. మాట్లాడేటప్పుడు తల పక్కకి తిప్పుకునే మనిషి ఒక్కసారి తిప్పడం మర్చిపోయి తిన్నగా చూశాడనుకో, ఎదుటివాడికి కళ్ళు బైర్లు కమ్మాయనుకో, చాలు.

ఇక నేల సంగతి. నేల విడిచి సాము చేయకూడదంటారు. మన కథకి నేల మంచే కాబట్టి దాని గుణం తెలియాలి. నువ్వు అంటార్కిటికాలో మూడు కిలోమీటర్ల మంచు కింద మనుషులు కట్టిన నగరం పెట్టావు. అక్కడి మంచుపలక సగటున రెండు కిలోమీటర్ల మందం ఉంటుంది, కొన్నిచోట్ల నాలుగున్నర కిలోమీటర్లు దాటుతుంది. మూడు కిలోమీటర్లతో పేచీ లేదు. పేచీ వయసుతోనే. ఆ పలక పేరుకోవడం మొదలై దాదాపు 3 కోట్ల 40 లక్షల ఏళ్ళయింది. మనిషి జాతి వయసు దానిముందు లెక్కలోకి రాదు. మనిషి ఆ ఖండాన్ని మొదటిసారి చూసిందే 1820లో. కాబట్టి దాని అడుగున నగరం ఉందంటే అది మనుషులది కాదు. నువ్వు అది మనుషులది కాదనుకుంటే నాకు అభ్యంతరం లేదు, కానీ ఆ మాట కథ మొదటి పేజీ నుంచీ నీకు తెలిసి ఉండాలి. నీ కథలో గోడ మీద ఒక చేతి ముద్ర కనిపిస్తుంది, దానికి ఐదు వేళ్ళున్నాయి. ఆ వేళ్ళు ఎన్నో కూర్చుని ఆలోచించి రాసినట్టు నాకు అనిపించలేదు.

రెండో పొరపాటు చిన్నదే గానీ, తెలిసినవాళ్ళు ఇట్టే పట్టుకుంటారు. ‘లోతుకి పోయేకొద్దీ చలి ఎముకలు కొరికేస్తోంది’ అని రాశావు. అసలు జరిగేది వేరు. పది పదిహేను మీటర్ల లోతుకి చేరాక ఎండాకాలం, చలికాలం అన్న తేడాయే ఉండదు. పైన తుఫాను వీస్తున్నా, సూర్యుడు కాస్తున్నా అక్కడ ఏడాది పొడవునా ఒకటే చలి. ఇంకా బాగా లోతుకి వెళ్తే భూమి వేడి తగిలి చలి తగ్గుతూ వస్తుంది. వోస్టోక్ అనే రష్యన్ స్థావరం ఉంది చూడు, 1983 జులై 21న మైనస్ 89.2 డిగ్రీలు నమోదైంది అక్కడే. దాని కింద మూడున్నర కిలోమీటర్లకి పైగా మంచు, ఆ మంచు కింద గడ్డకట్టని నీళ్ళతో ఒక పెద్ద సరస్సు. 2012 ఫిబ్రవరిలో 3,769 మీటర్లు తొలిచి ఆ నీళ్ళని అందుకున్నారు. తొలిచిన కన్నం ఊరికే వదిలేస్తే మూసుకుపోతుంది. చూడ్డానికి రాయిలా ఉన్నా, ఆ బరువు కింద మంచు చాలా నెమ్మదిగా పారుతుంది. కన్నం పూడకుండా అందులో కిరోసిన్ పోసి ఉంచేవాళ్ళు. నీ అన్వేషకులు మూడు కిలోమీటర్లు మెట్లమీద దిగిపోయారు. ఎవరు కట్టారో తెలియదు గానీ ఆ మెట్లు అన్ని యుగాలు తెరుచుకునే ఉన్నాయంటే, వాటిని ఎవరో తెరిచి ఉంచుతున్నారన్న మాట. చూశావా, నీ పొరపాటులోనే మంచి కథ ఉంది. ‘ఇది ఇప్పటికే మూసుకుపోయి ఉండాలే’ అని నీ ఐదుగురిలో ఒకరికి తట్టాలి. ఆ మాట ఒక ఇంజనీరు మామూలు గొంతుతో అన్నాడంటే, నీ పదకొండు ‘భయంకరాలూ’ కొట్టిపారెయ్యొచ్చు.

మంచు కింద నిజంగానే శిథిలాలు ఉన్నాయి తెలుసా? ప్రాచీనం కాదు గానీ చదవడం మంచిది. గ్రీన్‌లాండ్‌లో 1959లో అమెరికా సైన్యం క్యాంప్ సెంచరీ అని ఒక స్థావరం కట్టడం మొదలుపెట్టింది. మంచులో పొడవాటి కందకాలు తవ్వి, పైన వంపు తిరిగిన ఇనుప రేకులు పరిచి, మళ్ళీ మంచు కప్పేశారు. మొత్తం ఇరవై ఒక్క సొరంగాలు, కలిపితే మూడు కిలోమీటర్లు. దాదాపు రెండువందల మంది ఉండేవాళ్ళు. కరెంటుకి ఒక చిన్న అణు రియాక్టరు. బయటికి చెప్పింది సైన్సు కోసమని. లోపల అనుకున్నది మంచు కింద క్షిపణులు దాచాలని. మంచు ఊరుకోలేదు. అనుకున్నదానికంటే వేగంగా కదిలి, గోడలు దగ్గరికి వచ్చి, పైకప్పులు కుంగి, 1967కల్లా ఖాళీ చేసి వెళ్ళిపోయారు. 2024 ఏప్రిల్‌లో నాసా వాళ్ళు విమానంలోంచి రాడార్‌తో మంచు కొలుస్తుంటే కింద ఆ స్థావరం గీతలు గీతలుగా కనిపించింది. ఇప్పుడది కనీసం ముప్ఫై మీటర్ల కింద ఉంది.

అక్కడే ఇంకో సంగతి. 1966లో ఆ స్థావరంలోంచి 1,387 మీటర్లు తొలిచి, మంచు అడుగున ఉన్న నేలని అందుకున్నారు. పైకి తీసిన మట్టి గడ్డని ఫ్రీజర్లలో దాచి, పట్టించుకోవడం మానేశారు. ఏళ్ళ తర్వాత అది మళ్ళీ బయటపడింది, కరిగించి చూస్తే అందులో చిన్న కొమ్మలు, ఆకుల ముక్కలు, నాచు ఉన్నాయి. 2021లో ఆ వివరాలు ప్రచురించారు. అంటే ఆ మంచంతా లేని రోజు ఒకటుంది, అక్కడ గాలికి ఆకులు కదిలాయి. నీ నగరంలోని బంగారు స్తంభాలు నన్ను కదిలించలేదు. ఈ ఎండిన కొమ్మ ముక్క గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మనదీ ఒకటుంది. మన దేశం అంటార్కిటికాలో కట్టిన మొదటి స్థావరం దక్షిణ గంగోత్రి, 1983-84లో కట్టారు. రాతి మీద కాదు, సముద్రం మీదికి చొచ్చుకొచ్చిన మంచు మీద. 1984లో అక్కడ పోస్టాఫీసు కూడా పెట్టారు. ఏటా కురిసే మంచులో కూరుకుపోతూ, 1990కల్లా వదిలెయ్యాల్సి వచ్చింది. దాని బదులు మైత్రి అనే స్థావరాన్ని రాతి నేల చూసుకుని కట్టుకున్నారు. మనవాళ్ళు వంట చేసుకున్న గది, ఉత్తరాల మీద ముద్ర కొట్టిన గది మంచులోకి వెళ్ళిపోయాయి. ఎప్పుడైనా నీకు తీరికుంటే దాని మీద ఒక చిన్న కథ రాయి. దానికి నగరం అక్కర్లేదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. నీ కథకి ప్రాచీనమైన, నేల కింద ఉన్న, ధ్రువపు ఎడారిలోని ఇల్లు కావాలి కదా. అలాంటిది నిజంగా ఒకటి దొరికింది. అలాస్కా ఉత్తరపు కొసన ఉట్కియాగ్విక్ అని ఒక ఊరుంది. 2016 దాకా దాన్ని బారో అనేవాళ్ళు. ఇనుపియాట్ ప్రజల ఊరు, తిమింగలాల వేట వాళ్ళ బతుకు. నవంబరు మూడో వారంలో అస్తమించిన సూర్యుడు మళ్ళీ జనవరి చివరివారాల్లోనే ముఖం చూపిస్తాడు. నేల వందల మీటర్ల లోతు దాకా గడ్డకట్టి ఉంటుంది. 1982లో అక్కడ సముద్రం పక్కన ఒక దిబ్బని తవ్వుతుంటే పాత ఇల్లు బయటపడింది. సముద్రం కొట్టుకొచ్చిన దుంగలు, తిమింగలం ఎముకలు, పైన గడ్డి వేళ్ళతో కూడిన మట్టి పెళ్ళలు. సగం నేలలోకి దిగిన ఇల్లు.

అలాంటి ఇంట్లోకి ఎలా వెళ్తారో చూడు. ముందు సన్నటి సొరంగంలోకి దిగి, వంగి పాకాలి. ఆ దారి ఇంటి నేల కంటే కింద ఉంటుంది. చల్లగాలి బరువు కదా, అది పల్లంలోనే నిలిచిపోతుంది, గదిలోకి ఎక్కదు. సొరంగం చివర తలపైన కన్నం, అదే ఇంటి నేలలో ఉన్న కన్నం. అందులోంచి తల పైకి పెడితే ఇల్లు. వెచ్చగా, సీల్ నూనె దీపం వెలుగులో. దీపమంటే రాతితోనో మట్టితోనో చేసిన లోతులేని గిన్నె, అంచు వెంట నాచుతో చేసిన వత్తి. మన ప్రమిదకి పెద్దక్క అనుకో. పైకప్పులో కిటికీకి జంతువుల పేగుల్ని ఎండబెట్టి కుట్టిన పల్చటి తెర. అంటే, ఆ ఇంట్లోకి వెళ్ళాలంటే ముందు దిగాలి, చివర్లో ఎక్కాలి. నీ ఐదుగురు పద్నాలుగు పేజీలూ దిగుతూనే ఉన్నారు. చివరి అడుగు పైకి అయితే? ఇంతసేపూ కిందికి చూసుకుంటూ వచ్చినవాడు, ఏమీ కనపడకుండా, మొదట తల దూర్చాల్సి వస్తే? ఆ కన్నం దగ్గర ఎవరు ముందు వెళ్తారు అని ఐదుగురూ ఆగిపోయే ఆ అర నిమిషాన్ని నువ్వు రాస్తే చదవాలని ఉంది.

ఆ ఇంట్లో ఐదుగురు ఉన్నారు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకామె నలభై దాటినామె, ఇంకొకామె ఇరవైల్లో ఉన్నామె. ముగ్గురు చిన్నవాళ్ళు. గాలీ ప్రవాహమూ తోసినప్పుడు సముద్రపు మంచు పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒడ్డు మీదికి దూసుకొస్తాయి, దాన్ని అక్కడివాళ్ళు ఇవూ అంటారు. అది వచ్చి ఇంటి పైకప్పుని నలిపేసింది. వాళ్ళు నిద్రలో ఉన్నారని పరిశోధకుల అంచనా. ఆడవాళ్ళిద్దరి శరీరాలు గడ్డకట్టి కొన్ని వందల ఏళ్ళు అలాగే ఉండిపోయాయి. డాక్టర్లు పరీక్షించినప్పుడు ఊపిరితిత్తుల్లో మసి కనిపించింది. దీపపు మసి. రోజూ ఆ దీపం పక్కనే కూర్చుని వండారు, కుట్టారు, పిల్లల్ని పడుకోబెట్టారు.

ఆ మసి దగ్గర నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమె ఇంట్లో గోడకి దీపపు గూడు ఉండేది. గూడు పైన గోడ నల్లగా, పడగ విప్పిన ఆకారంలో మసిబారి ఉండేది. ప్రతి దీపావళికీ సున్నం వేసేవాళ్ళు, మళ్ళీ సంక్రాంతికల్లా నలుపు తేలేది. అమ్మమ్మ పోయాక ఆ ఇంటికి వెళ్ళినప్పుడు నేను ఆ గూడు ముందు నిలబడ్డాను. నా భుజం కంటే కింద ఉంది. ఆమె ఎంత పొట్టిదో నాకు ఆ గూడు చెప్పింది, బతికుండగా నేను ఎప్పుడూ గమనించలేదు.

నీ నగరంలోకి ఒక దీపపు గూడు తీసుకెళ్ళు. శిథిలం అంటే ఒకప్పుడు ఎవరో ఉన్న ఇల్లు. వాళ్ళకి గాలి ఎటునుంచి వచ్చేది, నీళ్ళు ఎలా కరిగించుకునేవాళ్ళు, పొయ్యి బూడిద ఎక్కడ పోసేవాళ్ళు, పిల్లలు ఏ మూల పడుకునేవాళ్ళు అన్నవి ముందు నీకు తెలియాలి. అన్నీ కథలో రాయక్కర్లేదు. నీకు తెలిస్తే చాలు, వాక్యాలు వాటంతట అవే మారతాయి. నీ చిన్నవాడు గ్లవ్ తీసి చెయ్యి పెట్టే గోడలోనే గూడు ఉండనీ. వేలికి మసి అంటనీ. దీపం పైకి తిప్పి చూస్తే ఆ మసి ఎంత ఎత్తు దాకా ఉంది? చేతికి అందేంత ఎత్తులోనా? తన తలకి రెండింతల ఎత్తులోనా? నీ నగరం మనుషులది కాదని చెప్పడానికి ఆరువేళ్ళ ముద్రలు, రాక్షసి బొమ్మలు అక్కర్లేదు. ఆ గూడు ఎత్తు చాలు.

ఒక చిక్కు మన భాషలోనే ఉంది, దాని గురించి కూడా చెప్తాను. తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే. జనవరిలో రోడ్డు మీద ఎదురు బండి కనపడకుండా కమ్మేదీ మంచే. కొండల మీద కురిసేదీ, నదుల మీద గడ్డకట్టేదీ మంచే. ఇక్కడ బతికే మనకి ఆ ఒక్క మాట సరిపోయింది. ధ్రువం మీద కథకి సరిపోదు. నీ కథలో మంచు అన్న ప్రతిచోటా ‘ఏ మంచు?’ అని అడగాల్సి వచ్చింది. అలాగని తుషారం, నీహారం అని బరువైన మాటలు తెచ్చి పెట్టకు, అవి పాఠకుడి కాలికి తగలవు. ఏ మంచు ఏం చేస్తుందో రాయి. పొడి మంచు, గాలికి రాటుదేలి పలకలు కట్టిన మంచు, లోపల గాలి బుడగలు చిక్కుకున్న గడ్డ, మనుషుల ఊపిరి తగిలి సొరంగం కప్పుకి ఈకల్లా పూసే నూగు మంచు. బాగా చలిలో పొడి మంచు జారదు, ఇసుకలా పట్టేసుకుంటుంది. బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ బండి లాగలేక పడ్డ బాధల్లో ఇదొకటి. నీ వాళ్ళు మాత్రం మొదటి పేజీలో బండ్ల మీద ‘వెన్న మీద జారినట్టు’ జారుకుంటూ వెళ్ళారు.

దిగే దృశ్యం మొత్తం మళ్ళీ రాయి. మెట్ల దగ్గరికి చేరడం ఇప్పుడు ‘తాళ్ళు కట్టుకుని కిందికి దిగారు’ అని ఒక్క వాక్యంలో అయిపోయింది. కథ పేరులోనే దిగడం ఉందే! తాడు బరువు పడగానే మంచు అంచులోకి కోసుకుపోతుంది, తర్వాత పైకి లాగబోతే ఇరుక్కుంటుంది. అందుకే అంచు మీద తాడు కింద మంచుగొడ్డలి పిడి అడ్డం పెడతారు. ఎవరు పెట్టారు నీ కథలో? పెట్టడం ఎవరు మర్చిపోయారు? దిగేకొద్దీ పైనుంచి వచ్చే వెలుగు నీలంగా మారుతుంది, మంచు ఎరుపుని మింగేసి నీలాన్ని వదులుతుంది. ఇంకా కిందికి పోతే అదీ ఉండదు. గాలి చప్పుడు ఆగిపోతుంది. ఎవరి జాకెట్టు రాపిడి వాళ్ళకే వినపడుతుంది. చలికి బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి కాబట్టి స్పేర్‌వి లోపలి చొక్కాలో, ఒంటికి ఆనించి పెట్టుకుంటారు. పెన్నులో ఇంకు గడ్డకడుతుంది, స్కాట్ చివరి డైరీ పెన్సిల్‌తోనే రాశాడు. నీ నాయకుడు జేబులోంచి పెన్ను తీసి గుర్తులు రాసుకున్నాడు. దాన్ని పెన్సిల్ చెయ్యి. పెన్సిల్ మొన మొద్దుబారిపోతే, కత్తి పట్టుకోవడానికి వేళ్ళు వంగకపోతే, పళ్ళతో చెక్కుతాడు. ఆ పెన్సిల్ చెక్క రుచి రాయి.

గాలి సంగతి కూడా మర్చిపోకు. 1934లో అమెరికన్ అడ్మిరల్ బర్డ్ అంటార్కిటికాలో మంచులో పూడ్చిన చిన్న గదిలో మార్చి చివరి నుంచి ఆగస్టు దాకా ఒంటరిగా ఉన్నాడు. పొగ గొట్టాలు మంచుతో మూసుకుపోయి, స్టవ్ విషవాయువు గదిలో నిండి, చావు అంచుదాకా వెళ్ళాడు. వెచ్చదనం కోసం పెట్టుకున్న స్టవ్వే అది. నీ వాళ్ళు నగరం నడిబొడ్డున స్టవ్ వెలిగించి టీ కాచుకున్నారు. ఆ టీ నాకు నచ్చింది, తియ్యకు. కానీ ఆ పొగ ఎటు పోతోందో ఒకరు చూడాలి. నిటారుగా పైకి పోకుండా, ఒక మూలకి, నెమ్మదిగా, ఏదో లాగుతున్నట్టు పోతోందనుకో. అక్కడ దారి ఉందన్నమాట.

మామ చెప్పిన ఇంకో సంగతి నీకు పనికొస్తుంది. బాయిలో పైకప్పుని కర్రతో తట్టి చూస్తారు. గట్టిగా ఉంటే ఖణేలుమంటుంది, లోపల వదులైతే బోలుగా, డొల్ల కుండలా మోగుతుంది. కప్పుకి ఆసరాగా పెట్టిన కర్రలు కూలే ముందు కిర్రుమంటాయి. ‘కర్ర చెప్తది, ఇనుము చెప్పదు’ అనేవాడు. ఆ చప్పుడు విన్నాక ఎవరూ ‘పరిగెత్తండి, ప్రమాదం ముంచుకొస్తోంది’ అని అరవరు. నీ నాయకుడు మూడు వాక్యాల ఉపన్యాసం ఇచ్చాడు అక్కడ. మామ వాళ్ళు ‘ఎల్లు, ఎల్లు’ అని రెండే మాటలనేవాళ్ళట, గొంతు పెంచకుండా. కింద పనిచేసేవాళ్ళ మాటలు పొట్టిగా ఉంటాయి. ఎక్కడైనా అంతేనని నేను నమ్ముతాను. డైలాగులన్నీ సగానికి తగ్గించు.

చివరి పేజీ గురించి నాకు కొంచెం బాధగా ఉంది. నీ వాళ్ళు సమాధిలోంచి బంగారు విగ్రహం ఎత్తుకొచ్చారు, దానికి చప్పట్లు కొట్టించావు. ఉట్కియాగ్విక్‌లో ఆ తల్లుల శరీరాల్ని పరీక్షించడానికి ఊరి పెద్దలు ఒప్పుకున్నారు. పరీక్షలయ్యాక వెనక్కి తెచ్చి వాళ్ళ నేలలోనే మళ్ళీ ఖననం చేశారు. ఆ ఊరు ఇవాళ్టికీ ఉంది, అక్కడివాళ్ళు ఇవాళ్టికీ తిమింగలం మాంసాన్ని నేలలో తవ్విన మంచు కొట్ల‌లో దాచుకుంటారు. ఈ మధ్య నేల కరిగి ఆ కొట్లు కొన్ని నీళ్ళతో నిండుతున్నాయట. ఎడారి అని మనం రాసుకున్న చోట ఎవరిదో ఇల్లు, ఎవరిదో వంట. నీ కథని అంటార్కిటికాలోనే ఉంచుకుంటే అడగడానికి అక్కడ ఊరి పెద్దలెవరూ ఉండరు. అప్పుడు తీసుకెళ్ళాలా వద్దా అన్నది ఆ ఐదుగురి మధ్యే తేలాలి. చిన్నవాడు వేలికంటిన మసిని ప్యాంటుకి తుడుచుకుంటాడా, అలాగే ఉంచుకుని పైకొస్తాడా అన్నది నువ్వు తేల్చుకో. నాకైతే విగ్రహం కంటే ఆ మసే కావాలి.

ఇక నువ్వడిగిన మాట. అచ్చుకి ఇప్పుడే పంపకు. ఎవరైనా వేసుకుంటారు, అది నాకు తెలుసు, నీ భాషలో ఊపు ఉంది. కానీ ఒకసారి అచ్చయితే ఇదే కథని మళ్ళీ రాయాలనిపించదు, ఆ బాయి కథని నేను మళ్ళీ రాయలేకపోయాను. మామ అడిగిన ప్రశ్నకి జవాబు నా దగ్గర ఇప్పుడుంది, కథ మాత్రం అలాగే ఉండిపోయింది. నీకింకా అవకాశం ఉంది.

మొత్తం తిరగరాయమని అనను. తాడు కట్టుకున్న దగ్గర్నుంచి గోడ మీద చెయ్యి పెట్టేదాకా, ఆ నాలుగైదు పేజీలే రాసి పంపు. కరెంటు పోయిన రోజు నుదుటికి టార్చి కట్టుకుని మీ డాబా మెట్లు ఒకసారి దిగి, ఆ తర్వాత కూర్చో. సంక్రాంతి దాకా నేను ఇంట్లోనే ఉంటాను. ఇంకోటి, గూడు ఎంత ఎత్తులో పెట్టాలో తేల్చుకున్న రోజు ఫోన్ చేసి చెప్పు. పేజీలు వచ్చేదాకా ఆగలేను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ